కొండ దారి ఎరిగిన మాల

కొవ్వూరు,
శ్రావణ శుక్రవారం.

చిట్టితల్లి దుర్గాశ్రీకి,

అమ్మ రాస్తున్నాను. ఉత్తరం మొదట్లో క్షేమం అని రాయాలని అయిదో తరగతిలో మాస్టారు నేర్పారు. నా చదువు అక్కడితో ఆగిపోయింది గానీ ఆ మాట గుర్తుండిపోయింది. రాయబోతే పెన్ను కదల్లేదు. తిన్నాను, పడుకున్నాను, లేచాను. దాన్నే క్షేమం అనుకో.

ఫోను చేస్తే నేను ఊఁ అంటాను, నువ్వు ఆఁ అంటావు, తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. ఉత్తరమైతే ఎంతసేపు ఊరుకున్నా పరవాలేదమ్మా అన్నావు కదా. అందుకని కవరు కొనడానికి వెళ్ళాను. పోస్టాఫీసాయన ఎవరి మీద కేసు వేస్తున్నారండీ అని అడిగాడు. మా అమ్మాయికి ఉత్తరమండీ అంటే నమ్మలేదు.

ఇవాళ పూలు బాగా పోయాయి. తెల్లారేసరికి కడియపులంక నుంచి చామంతులు దిగాయి. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మాలలు కట్టాను. చేతులకి పనుంటే మనసు కాసేపు నోరు మూసుకుంటుంది. ఇంటికొచ్చాకే కష్టం. పెద్ద కుక్కరు అటక మీద పెట్టేశాను. చిన్న గిన్నెలో వండుకుంటున్నాను, అదీ మిగులుతోంది.

మీ పెద్దమ్మ వచ్చి, శవాల చదువు ఆడపిల్లకెందుకే రత్నం, నర్సింగులో చేర్పించకపోయావా అంది. దానికి అదే కావాలంటే నేనేం చేయను అన్నాను. నాకూ లోపల భయంగానే ఉంది. నిన్ను శవాల గదికి తీసుకెళ్తున్నారా? తీసుకెళ్తే వచ్చి తలారా స్నానం చేసి గానీ అన్నం తినకు. ఆ చదువయ్యాక ఏం ఉద్యోగం ఇస్తారో కూడా రాయి. అడిగినవాళ్ళకి చెప్పడానికి నాకో మాట ఉండాలి.

మీ అమ్మ
రత్నమాణిక్యం

*

విశాఖపట్నం, హాస్టలు.

అమ్మా,

నీ ఉత్తరం వార్డెన్ ఆఫీసులో ఉంటే నా పేరు మైకులో పిలిచారు. నాకు ఉత్తరం ఎవరు రాశారా అని గదిలో అందరూ వింతగా చూశారు. చదువుతూ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

శవాల గది ఇంకా రాలేదమ్మా, అది మూడో సంవత్సరంలో. ఇప్పుడు మా పనంతా మైక్రోస్కోపు ముందే. వెంట్రుక, దారం పోగు, మట్టి, వేలిముద్ర. ఒక మనిషి ఒక చోటికి వచ్చి వెళ్ళాడంటే ఏదో ఒకటి వదిలి వెళ్తాడు, దాన్ని పట్టుకోవడమే మా ఫోరెన్సిక్ చదువు. అయ్యాక ప్రభుత్వ ల్యాబులో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు పడతాయి, దానికి పరీక్ష ఉంటుంది. నేను ఇప్పటి నుంచే చదువుతున్నాను. పెద్దమ్మతో, మా అమ్మాయి గవర్నమెంటు ల్యాబుకి వెళ్తుందండీ అని చెప్పు.

మాకు పాఠం చెప్పే ప్రిస్కిల్లా మేడం అలాంటి ల్యాబులో చాలా ఏళ్ళు చేసి వచ్చారు. మొన్న ముడుల గురించి చెప్పారు. ఎక్కడ తాడు దొరికినా ముడి దగ్గర కోయకూడదట, ముడికి దూరంగా కోయాలట. మనిషి చేతిరాత ఎలా ఉంటుందో ముడి అలా ఉంటుందన్నారు. ఎవరింటి నుంచి వాళ్ళు ముడులు తెచ్చి చూపించమన్నారు. జాలరి వల ముడి, నవారు మంచం ముడి, అలా. నేను పూలు కట్టే ముడి తెస్తానన్నాను.

రెండు మూడు రకాలు కట్టి కవర్లో పెట్టి పంపు. ఇంకొకటి అడగనా? అన్నయ్య మాల నువ్వే గుచ్చావు కదా. పెదనాన్న తెచ్చి ఇచ్చిన డబ్బాలో అది అలాగే ఉంది కదా. దాని ముడి ఫోటో తీసి పంపగలవా? వద్దనిపిస్తే వద్దులే.

దుర్గ

*

కొవ్వూరు,
వినాయక చవితి వెళ్ళిన మర్నాడు.

దుర్గా,

అట్ట ముక్క మీద నాలుగు ముడులు కట్టి పంపుతున్నాను. మొదటిది మల్లెపూలకి, అరటినారతో. రెండోది బంతికి. మూడోది గజమాలకి. నాలుగోది పూసలకి, వలదారంతో. రెండు మెలికలు ముందుకు వేసి మూడోది వెనక్కి తిప్పుతాను. మా అమ్మ అలాగే వేసేది.

డబ్బా మాత్రం నేను తెరవలేదమ్మా. తెరవలేను. ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు నువ్వు రాజమండ్రిలో ఇంటరు హాస్టల్లో ఉన్నావు, వచ్చేసరికి అంతా అయిపోయింది.

అన్నయ్య మొదటిసారి అయ్యప్ప దీక్ష తీసుకున్నాడు, కన్నెస్వామి. వాడి నేస్తం, ఉషారాణి కొడుకు గణేష్‌బాబు అప్పటికే రెండుసార్లు శబరిమల వెళ్ళొచ్చాడు. మాల వేసుకునే ముందురోజు సాయంత్రం గణేషు మనింటికి వచ్చి తన పాత మాల మీ అన్నయ్య చేతిలో పెట్టాడు. "నువ్వు కన్నెస్వామివి, నీకు దారి తెలీదు. ఇది కొండ దారి ఎరిగిన మాల, ఇది నువ్వు వేసుకో, నీ కొత్తది నాకియ్యి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పాత మాల దారం నలిగిపోయి ఉంటే, రోజూ రెండు పూటలా గోదాట్లో మునుగుతారు కదా అని నేను పూసలన్నీ తీసి వలదారంతో గుచ్చాను. మర్నాడు గుడిలో సత్యనారాయణ గురుస్వామి ఊళ్ళో కుర్రాళ్ళందరికీ వరసగా మాలలు వేసేశారు.

ఆ రోజు నుంచి కన్నకొడుకుని పేరు పెట్టి పిలవలేదు. స్వామీ అనే పిలిచాను. స్వామీ అన్నం తిను, స్వామీ చలిగా ఉంది తువ్వాలు కప్పుకో అని. యాత్రయి తిరిగొచ్చాక నువ్వే నా మెడలోంచి మాల తియ్యాలమ్మా అన్నాడు. తల్లి చేత్తో తీయించుకోవాలట.

ఒకరోజు తెల్లారుజామున ఇద్దరూ స్నానానికి దిగి ఇసుక తీసిన గోతిలో పడిపోయారు. ఎవరు ముందు మునిగారో, ఎవరు ఎవరి కోసం వెళ్ళారో చూసినవాళ్ళు లేరు. కొన్నాళ్ళకి విజ్జేశ్వరం వైపు రెల్లులో ఒక్కరే దొరికారు. ముఖం గుర్తుపట్టేలా లేదట. ఇద్దరిదీ ఒకటే ఎత్తు, ఒకటే నల్ల పంచె. మీ పెదనాన్న, గురుస్వామి వెళ్ళి చూసి మన అశోకే అన్నారు. ఇంటికి తేలేదు. ఆసుపత్రి నుంచి అటే తీసుకెళ్ళిపోయారు. ఆడవాళ్ళు చూడకూడదన్నారు. మాల చూసి గుర్తుపట్టామమ్మా అని సాయంత్రం మీ పెదనాన్న ఆ డబ్బా నా చేతికిచ్చారు.

నేను తీయాల్సిన మాల ఎవరో తీసి డబ్బాలో పెట్టి తెచ్చారు. దాన్ని ఎలా చూడమంటావు? అడగకు.

అమ్మ

*

విశాఖపట్నం.

అమ్మా,

నేను అడగకుండా ఉండాల్సింది. ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు క్లాసులో ఏమీ ఎక్కలేదు.

నీ ముడుల అట్ట మా ల్యాబు బోర్డు మీద పెట్టారు. కింద 'శ్రీమతి రత్నమాణిక్యం, కొవ్వూరు' అని మేడం తన చేత్తో రాశారు. నాలుగో ముడిని లెన్సు పెట్టి చాలాసేపు చూశారు. ఈ దారం నైలాను, మట్టిలో పడ్డా నీళ్ళలో పడ్డా ఏళ్ళ తరబడి చెడదు, ఈ ముడి వేసినావిడని ఎక్కడైనా పట్టేయొచ్చు అన్నారు. అందరూ నవ్వారు. నాకు గర్వంగా అనిపించింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఇక్కడ ఆదివారాలు బాగుండవమ్మా. గదిలో మిగతావాళ్ళకి ఇంటి నుంచి ఎవరో ఒకరు వస్తారు. నేను బీచికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేస్తాను. నీళ్ళలో కాలు పెట్టను.

దుర్గ

*

కొవ్వూరు.

దుర్గకి,

వానలు తగ్గలేదు. గోదారి ఇంకా ఎర్రగానే ఉంది. పూలు కుళ్ళిపోతున్నాయి. పనసపొట్టు కూర వండాను, ఉప్పెక్కువైంది.

నీకు పరీక్షలు కదా, తీరిక ఉన్నప్పుడే చెప్పు. నీళ్ళలో నానితే పాత పూసలు కొత్తవాటిలా అవుతాయా? వలదారం నీళ్ళలో ఉండి ఉండి నూలుదారంలా మారుతుందా? మీ మేడం గారికి తెలిసే ఉంటుంది. ఊరికే అడుగుతున్నాను.

అమ్మ

*

విశాఖపట్నం.

అమ్మా,

మారదు. నూలు కుళ్ళుతుంది గానీ, నైలాను నూలు అవదు.

డబ్బా తెరిచావా? ఏముందో రాయి. ఫోనులో అడుగుదామని రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నువ్వు పొయ్యి మీద పాలున్నాయని పెట్టేశావు.

దుర్గ

*

కొవ్వూరు.

దుర్గా,

తెరిచాను. నీ మేడం గారు నా పేరు బోర్డు మీద రాశారన్నావు కదా, ఆ రోజు నాకు నా ముడి నేనే చూసుకోవాలనిపించింది. ఒకసారి చూసి, కళ్ళకద్దుకుని, నీకు ఫోటో తీసి పంపుదామనుకున్నాను. డబ్బాలో పసుపు గుడ్డ ఉంది. గుడ్డలో మాల ఉంది.

అది నేను గుచ్చింది కాదు తల్లీ.

పూసలు నున్నగా, అంచులు అరగకుండా ఉన్నాయి. దారం కొట్లో గుచ్చిచ్చే నూలుదారం. ముడి ఎవరిదో. లాకెట్టు రింగుకి ఒక నల్లపూస కట్టి ఉంది, అదేంటో నాకు తెలియదు. అది అన్నయ్యకి మనం కొన్న కొత్త మాల, గణేషు తీసుకున్నది.

మీ పెదనాన్న దగ్గరికి వెళ్ళి, ఆ రోజు ఏం చూసి మనవాడే అన్నారు బావగారూ అని అడిగాను. కొత్త మాల ఉందమ్మా, కన్నెస్వామికే కదా కొత్త మాల ఉండేది, పాతవాళ్ళు వాళ్ళ మాల మార్చరు కదా, గురుస్వామి కూడా అదే అన్నారు అన్నారాయన. మగవాళ్ళిద్దరూ ఆలోచించి చెప్పిన మాట అది. తప్పుగా ఆలోచించలేదు. కానీ ఇంట్లో మేమిద్దరం తల్లులం ఉన్నాం. ఒక్క మాట అడిగితే పోయేది.

ఆయనకి ఏమీ చెప్పకుండా వచ్చేశాను. అంటే మనం ఎవరికి కొరివి పెట్టించాం? ఎవరికి పిండం పెట్టాం? మనవాడేడీ?

నాకు నిజం చెప్పు. నాలో ఒక పాడు ఆశ పుట్టింది. తలుపు గడియ వేయకుండా ఊరికే దగ్గరకి వేస్తున్నాను. రెండు గ్లాసులు పోస్తున్నాను, బియ్యం. నాకే సిగ్గుగా ఉంది.

ఉషారాణి రోజూ సాయంత్రం రేవులో కూర్చుంటుంది. మా గణేషుకి ఈత వచ్చు, ఎక్కడో గట్టెక్కే ఉంటాడు, మతి పోయి ఏ ఊళ్ళోనో తిరుగుతుంటాడు అంటుంది. వాడి ఫోటోకి దండ వేయనివ్వలేదు. ఒకరోజు నాతో, "నీకు బూడిదైనా దొరికింది అక్కా" అంది. అప్పుడు నేను దాని మీద జాలిపడ్డాను. ఇప్పుడు ఆ బూడిద దానిదే అని నేనెలా చెప్పను? చెబితే దాని కొడుకుని నా నోటితో చంపినట్టు. చెప్పకపోతే దాని బిడ్డని నేను దాచుకున్నట్టు.

అమ్మ

*

విశాఖపట్నం.

అమ్మా,

ఈ ఉత్తరం జాగ్రత్తగా చదువు. ఉషత్తకి ఇప్పుడే ఏమీ చెప్పకు. మాల కడగకు, ముడి విప్పకు. ప్లాస్టిక్ కవర్లో కాదు, పొడి కాగితంలో చుట్టి పెట్టు.

మేడంతో అంతా చెప్పాను. ఆవిడ నాకోసం మన ఎస్సై గారితో మాట్లాడారు. ఆ రోజు ఇద్దరు తప్పిపోయారు కాబట్టి ఆసుపత్రి డాక్టరు ఒక పన్ను తీసి ఉంచారట. అప్పుడు మనవాళ్ళు మావాడేనని తీసుకెళ్ళడంతో ఎవరూ పరీక్షకి పంపలేదు. ఇప్పుడు నువ్వు అర్జీ ఇచ్చి రక్తం ఇస్తే ల్యాబులో పోల్చి చూస్తారు. తల్లి నుంచి బిడ్డకి వచ్చేది ఒకటి ఉంటుందమ్మా. నీళ్ళు, మన్ను, కాలం ఏవీ దాన్ని మార్చలేవు. అన్నయ్య పంటిలో నువ్వుంటావు. నువ్వు లేకపోతే అది అన్నయ్య కాదు.

నీ ఆశ గురించి అడిగావు. పరీక్షలో కాదని వస్తే, దొరికింది అన్నయ్య కాదని మాత్రమే తెలుస్తుంది. అన్నయ్య ఉన్నాడని కాదు. ఇది పుస్తకంలో ఉన్న వాక్యం. నేను ఈ చదువులో చేరింది వేరేవాళ్ళకి ఇలాంటి మాటలు చెప్పడానికి అనుకున్నాను. మొదట నీకే చెప్పాల్సి వచ్చింది.

నేను రానా?

దుర్గ

*

కొవ్వూరు,
దసరా ముందు.

దుర్గా,

రావద్దు, పరీక్షలు రాయి. నేను ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. కొత్త ఎస్సై మర్యాదస్తుడు, కూర్చోండమ్మా అని కుర్చీ వేశాడు. మాల ఫోటోలు తీసుకుని, జాగ్రత్తగా ఉంచమని తిరిగి ఇచ్చాడు. ఆసుపత్రిలో రక్తం తీసిన నర్సు, దేనికమ్మా ఈ పరీక్ష అంది. మా అబ్బాయి కోసం అన్నాను. ఏం జబ్బు అంది. దూది నొక్కుకుని బయటికి వచ్చేశాను.

వచ్చేటప్పుడు బజార్లో ఉషారాణి ఎదురైంది. చేతికి దూదేంటక్కా అని అడిగింది. నీరసంగా ఉందని టెస్టు చేయించుకున్నానని చెప్పాను. నా సంచీ అది లాక్కుని ఇంటిదాకా మోసింది. దారంతా నన్ను తిడుతూనే ఉంది, ఒక్కదాన్నే కదా అని వండుకోవడం మానేస్తున్నావా, రేపటి నుంచి నీ వంటా నేనే చేస్తాను అని. గుమ్మం దగ్గర సంచీ దింపి, లోపలికి తొంగి చూసి, తలుపు గడియ ఎందుకు వేసుకోవట్లేదు అంది.

ఇలాంటి మనిషి దగ్గర దాచడం నా వల్ల కావట్లేదు. తొందరగా తేల్చమని మీ మేడం గారికి చెప్పు.

అమ్మ

*

విశాఖపట్నం,
కార్తీకం.

అమ్మా,

ఇది పోస్టులో వేస్తూనే ఫోను చేస్తాను. ఫోనులో సరిగ్గా చెప్పలేకపోతే ఇది ఉంటుంది.

రిపోర్టు వచ్చింది. ఆ పన్ను నీ బిడ్డది కాదు.

ఇప్పుడు పోలీసులు ఉషత్తకి నోటీసు ఇచ్చి రక్తం తీసుకుంటారు. కానిస్టేబులు వచ్చి చెబుతాడు. ఎలా చెబుతాడో నాకు తెలియదు. రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఏం చెయ్యాలో నీకు నేను చెప్పను. నా పుస్తకాల్లో అది లేదు.

దుర్గ

*

కొవ్వూరు,
కార్తీకం.

చిట్టితల్లి దుర్గకి,

నీ ఫోను వచ్చిన సాయంత్రమే వెళ్ళాను. కాకీ బట్టలాయన చెప్పకూడదు ఆ మాట. తల్లికి తల్లే చెప్పాలి.

ఉషారాణి పెరట్లో బియ్యం ఏరుతోంది. రా అక్కా అని పీట వేసింది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను, అక్కడికెళ్ళాక ఒక్కటీ గుర్తురాలేదు. కాగితం విప్పి మాల దాని ఒళ్ళో పెట్టాను. అది మాల మొత్తం చూడలేదు. లాకెట్టు దగ్గర నల్లపూస ఒక్కటే పట్టుకుని చూసింది. అది గణేషు పురిటిలో ఉన్నప్పుడు చేతికి కట్టిన దిష్టిపూసట. కొత్త మాల తెచ్చుకున్న రోజు రాత్రి తనే రింగుకి కట్టిందట. అమ్మా నేను పెద్దాణ్ణయ్యాను అని వాడు గోల పెడితే, నాకు కాదు అందట.

అప్పుడు అంతా చెప్పాను. నువ్వు రాసినవన్నీ, పన్ను గురించి, రక్తం గురించి, గురుస్వామి అనుకున్నది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొరివి ఎవరు పెట్టారు అని అడిగింది. మా బావగారు అన్నాను. పిండాలు అన్నీ పెట్టారా అంది. పన్నెండో రోజు దాకా ఏదీ తక్కువ చేయలేదు అన్నాను. అరిసెలంటే వాడికి ఇష్టం అంది. అశోక్‌కీ ఇష్టమే, పెట్టాం అన్నాను. "అయితే వాడు ఆకలితో లేడు" అంది. అప్పుడు ఏడ్చింది.

తర్వాత లేచి కాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. గోడకున్న ఫోటో దించి పీట మీద పెట్టింది. ఆ మాల ఫోటోకి వేసింది. నేను దండ అనుకున్నాను. కాదు. కాసేపు చూసి, రెండు చేతులతో మాల ఎత్తి, తల మీదుగా తీసి కళ్ళకద్దుకుంది. "వచ్చేశావా స్వామీ" అంది. యాత్ర నుంచి వచ్చినవాడికి ఎలా తీయాలో అలాగే తీసింది.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఉన్నమాట చెబుతున్నాను దుర్గా, నాకు దాని మీద కుళ్ళు పుట్టింది. ఏడాది కింద నీకు బూడిదైనా దొరికింది అన్నప్పుడు దానికి నా మీద ఎలా పుట్టిందో అలాగే.

మర్నాడు నోటీసు వస్తే, ఇద్దరం కలిసే స్టేషనుకి వెళ్ళాం. అది రక్తం ఇచ్చింది. ఇవాళ నాకు కూర పంపింది. సాయంత్రం రేవుకి అది రాలేదు. నేను వెళ్ళాను. అది కూర్చునే మెట్టు మీద నేను కూర్చున్నాను. ఈ ఏటి స్వాములు నల్లబట్టలతో గుంపుగా దిగుతున్నారు. గోతి దగ్గర ఇప్పుడు వెదురు కర్రలు పాతి తాడు కట్టారు. ఆ తాడు ముడులు వదులుగా ఉన్నాయి. నేను దిగి అన్నీ విప్పి మళ్ళీ గట్టిగా కట్టి వచ్చాను. ఆ స్వాములు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

నువ్వు రాసిన వాక్యం నాకు అర్థమైంది. అన్నయ్య ఉన్నాడని కాదు. రాత్రి తలుపు గడియ వేసి పడుకున్నాను. బియ్యం మాత్రం ఇంకా రెండు గ్లాసులే పోస్తున్నాను, అది మానడానికి కొన్నాళ్ళు పడుతుంది.

పెద్దమ్మ మళ్ళీ నీ చదువు సంగతి ఎత్తింది. మా అమ్మాయి గవర్నమెంటు ల్యాబుకి వెళ్తుందండీ అని చెప్పాను. బాగా చదువు. శవాల గదికీ వెళ్ళు. అక్కడికొచ్చేవాళ్ళందరికీ ఎక్కడో ఒక గుమ్మం ఉంటుంది, అది గుర్తుపెట్టుకుని ముట్టుకో. వచ్చి స్నానం చేసి అన్నం తిను.

నీ ఉద్యోగంలో ఎప్పుడో, ఏ ఏరు తెచ్చిందో, ఏ ఇసుకలో దొరికిందో, నీ బల్ల మీదకి ఒక పాత మాల రావచ్చు. పూసలు అరిగి ఉంటాయి. వలదారం ఉంటుంది. ముడి రెండు మెలికలు ముందుకి, ఒకటి వెనక్కి. నీ బోర్డు మీద ఉంది కదా, పోల్చి చూసుకో. నీ పరీక్షలన్నీ చేసుకో. కానీ దాన్ని ఎవర్నీ తీయనివ్వకు, నాకు కబురు పెట్టు.

అది ఇంకా వాడి మెడలోనే ఉంది. తీయాల్సింది నేను.

మీ అమ్మ